తాతగారి రేకు డబ్బాలో పాత ఫ్రెంచి నాణేలు: వీటికి నిజంగా విలువ ఉంటుందా?

యానాం_వాసి:
అందరికీ నమస్కారం. మాది యానాం, ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. మా ముత్తాత చిన్నతనంలోనే సైగాన్ వెళ్ళి అక్కడ ఆఫీసు పనిలో కుదిరారట, తర్వాత మా పెదతాతగారి కుటుంబం ఫ్రాన్స్‌లోనే స్థిరపడిపోయింది, వాళ్ళు వచ్చినప్పుడల్లా పిల్లలకి నాణేలు ఇచ్చేవారు. ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద ఒక రేకు డబ్బా దొరికింది. అందులో ముగ్గురు మనుషుల బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం ఒకటి (1873), కూర్చున్న ఆడమనిషి బొమ్మతో ఇండోచైనా నాణెం ఒకటి, గెడ్డం ఉన్న రాజు బొమ్మ రాగి నాణేలు కొన్ని (1854, 1855), విత్తనాలు చల్లే అమ్మాయి బొమ్మతో 5 ఫ్రాంకులవి మూడు (1962, 1963, 1971), కాగితంలా తేలిగ్గా ఉండే 1 ఫ్రాంక్ 1943ది ఒకటి ఉన్నాయి. ఇవి కాక అమ్మమ్మ కాసులపేరులో కోడిపుంజు బొమ్మ ఉన్న బంగారు కాసు ఒకటుంది, దాని మీద 1910 అని ఉంది.

యూట్యూబ్‌లో చూస్తే ఒకాయన 1943 ఫ్రాంకు లక్షలు పలుకుతుందంటున్నాడు. బజార్లో అడిగితే రాగివి కిలో లెక్కన ఇమ్మంటున్నారు. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

వెండి_రూపాయి:
ముందు ఒక్క మాట. దేన్నీ కడగొద్దు, తోమొద్దు, బట్టతో రుద్దొద్దు. మిగతా మాటలన్నీ దీని తర్వాతే. తోమిన నాణేన్ని సేకరించేవాడు దూరం నుంచే గుర్తుపడతాడు, సగం ధర అక్కడే పోతుంది.

ఇక రాగివాటి సంగతి. అది రాగి కాదండీ, కంచు. గెడ్డం ఉన్నాయన మూడో నెపోలియన్. 1852లో చట్టం చేసి, అంతకుముందు రాజుల కాలంనుంచీ విప్లవకాలంనుంచీ తిరుగుతున్న బరువైన రాగి సూలన్నీ (సూ అంటే పాత చిల్లర నాణెం) వెనక్కి తీసుకుని, వాటి బదులు ఈ కంచు నాణేలు దించారు. ఒక సాంతీముకి (ఫ్రాంకులో నూరోవంతు) ఒక గ్రాము లెక్క, అంటే 10 సాంతీములది 10 గ్రాములు, 5 సాంతీములది 5 గ్రాములు. పారిస్, రూఆన్, స్ట్రాస్‌బర్గ్, లియోన్, బోర్డో, మార్సెయ్, లీల్... ఇన్ని టంకశాలల్లో ఒకేసారి గుద్దిపారేశారు. అందుకే నూట డెబ్భై ఏళ్ళ నాటిదైనా అరిగిపోయినదానికి పెద్ద ధర ఉండదు. పాతదనం వల్ల ధర రాదు. ఎన్ని మిగిలాయి, ఎలా మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్నదే లెక్క.

అయితే మీ 1855 నాణేల్ని మాత్రం భూతద్దం పెట్టి చూడండి. ఆ ఏడాది టంకశాల చీఫ్ ఎన్‌గ్రేవర్, అంటే నాణేల అచ్చులు చెక్కే పెద్ద, మారాడు, తండ్రి బార్ పోయి కొడుకు బార్ వచ్చాడు. తండ్రి గుర్తు కుక్కతల, కొడుకు గుర్తు లంగరు. ఒకే సంవత్సరం, ఒకే టంకశాల అక్షరం (ఎక్కడ వేశారో చెప్పే అక్షరం) ఉండి కూడా ఈ చిన్న గుర్తుని బట్టి రెండు రకాలుగా లెక్కవేస్తారు. అక్షరం ఏముందో, గుర్తు ఏముందో రాయండి. అన్ని నాణేలకీ ముందు వైపు, వెనక వైపు, అంచు ఫోటోలు, గ్రాముల్లో బరువు కూడా పెట్టండి.

సేన్_ఒడ్డున:
నేను పారిస్ శివార్లలో ఉంటాను. ఇక్కడ ఎండాకాలం ప్రతి ఊళ్ళో వీద్-గ్రెనియె అని ఇళ్ళలో పాత సామాన్లు వీధిలో పెట్టి అమ్ముతారు, అక్కడ ఈ నెపోలియన్ కంచు నాణేలు గిన్నెల్లో పోసి ఒకటి రెండు యూరోలకి ఇస్తుంటారు. 1943 అల్యూమినియం ఫ్రాంకైతే అదే గిన్నెలో ఇంకా చవక. జర్మనీ ఆక్రమణ రోజుల్లో విషీ ప్రభుత్వం వేసిన నాణెం అది, గొడ్డలి బొమ్మ ఉంటుంది, వెనక "పని, కుటుంబం, మాతృభూమి" అని ఫ్రెంచిలో ఉంటుంది. నికెలూ రాగీ యుద్ధానికి పోయాయి కాబట్టి అల్యూమినియం, జింకు, ఇనుము వాడారు. చరిత్రగా చూస్తే నాకు చాలా ఇష్టమైన నాణెం, ఒక దేశం తన నినాదాన్నే మార్చుకున్న రోజులు అందులో కనిపిస్తాయి. కానీ లక్షలు అనేది పచ్చి అబద్ధం.

అదే కాలంలో ధర పలికేది వేరే ఉంది. విషీ ప్రభుత్వాధినేత పెటాన్ బొమ్మతో 1941 నాటి 5 ఫ్రాంకులది. ముద్రించారు గానీ చలామణీలోకి రాలేదు, దాదాపు అన్నీ కరిగించేశారు. మిగిలినవి వంద యూరోలు దాటి పోతాయి. రెండూ పెటాన్ రోజులవే, ఒకటి చిల్లరకి వస్తుంది, ఇంకోదానికి జనం ఎదురు చూస్తారు.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న కూడా చెప్పేస్తాను. పాత ఫ్రాంకుల్ని బ్యాంకులో యూరోలుగా మార్చుకునే గడువు అయిపోయింది. నాణేలకి 2005 ఫిబ్రవరి 17తో, నోట్లకి 2012 ఫిబ్రవరి 17తో ముగిసింది. ఇప్పుడు వాటికి మిగిలింది లోహం విలువ లేదా సేకరించేవాడి ఇష్టం, అంతే.

కోనసీమ_కుర్రోడు:
అన్నా మరి ఆ యూట్యూబాయన ఫోన్ నంబర్ ఇచ్చి, కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు, ముందు రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు కట్టమంటున్నాడు కదా? మా బావ కట్టేశాడు కూడా, ఇప్పుడు ఇంకో పన్నెండు వేలు జీఎస్టీ అంటున్నారు, ఇంట్లో ఒకటే టెన్షన్.

వెండి_రూపాయి:
వెంటనే ఆపమనండి తమ్ముడూ. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అమ్మేవాడి దగ్గర తీసుకోవడం ఏమిటి? 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, తమ పేరు వాడుకుని పాత నాణేలు, నోట్ల మీద కమిషన్ అనీ పన్ను అనీ వసూలు చేస్తున్నారు, తాము ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదు అని. 1930కి ఫోన్ చేసి సైబర్ నేరం కింద ఫిర్యాదు చేయించండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. పన్నెండు వేలు కడితే తర్వాత ముప్ఫై అడుగుతారు.

గీటురాయి:
మాది తరతరాలుగా బంగారప్పని, నరసాపురం. ఫ్రెంచి చరిత్ర నాకు తెలియదు గానీ లోహం సంగతి చెప్పగలను.

ఆ ముగ్గురు మనుషులున్న పెద్ద నాణెం మంచిదైతే 25 గ్రాములు, తొంభై టచ్ (నూటికి తొంభై పాళ్ళు) వెండి. అంటే 22.5 గ్రాముల శుద్ధ వెండి. వాడి వాడి ఒక పావు గ్రాము అరిగి ఉండొచ్చు. 24 కన్నా బాగా తగ్గితే అనుమానించండి. విత్తనాలు చల్లే అమ్మాయిలో మెలిక ఉంది. 1960 నుంచి 1969 దాకా 12 గ్రాములు, 83.5 టచ్ వెండి, ఒక్కోదానిలో సుమారు 10 గ్రాముల శుద్ధ వెండి. 1970 నుంచి అదే బొమ్మ, అదే సైజు, కానీ నికెల్ పూత, 10 గ్రాములే తూగుతుంది. కాబట్టి మీ 1962, 1963 వెండివి, 1971 కాదు. మా కొట్టుకి తెచ్చేవాళ్ళలో సగం మంది ఈ రెండూ కలిపే తెస్తారు. ఆ రోజు వెండి రేటుతో గుణించుకోండి, కొట్టువాడు కరిగింపు తరుగు పేరుతో ఎంత కోస్తాడో ముందే అడగండి.

బంగారు కోడిపుంజు 6.45 గ్రాములు, తొంభై టచ్ (వెయ్యికి 900 పాళ్ళు), అంటే 5.8 గ్రాముల మేలిమి బంగారం. ఇది మన 916 కాదు, కొంచెం తక్కువ, ఇరవై ఒకటిన్నర క్యారెట్ల పైచిలుకు. 22 క్యారెట్ల లెక్క కట్టి ఎక్కువ ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, అలాగని 20 క్యారెట్లని తగ్గించి అడిగితే మీరు ఒప్పుకోవద్దు. కాసులపేరులో ఉంది అన్నారు కాబట్టి అడుగుతున్నా, కొండి టంకం పెట్టి అతికించారా, లేక చుట్టూ బిళ్ళకట్టు వేసి బిగించారా?

యానాం_వాసి:
గీటురాయి గారూ, టంకం పెట్టి అతికించారు. పుంజు తోక దగ్గర అంచు మీద చిన్న ముద్దలా కనిపిస్తోంది.

మిగతావి మా పక్కింటి వెండి కొట్టులో తూయించాను. 1873ది 24.81. అంచు మీద ఫ్రెంచిలో ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి, "దియో ప్రొతేజ్ లా ఫ్రాన్స్" అని చదివాను. కింద ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరం ఉంది. 1962, 1963 రెండూ 12 దగ్గర, 1971ది 10. 1855 వాటిలో ఒకటి లంగరు, బీబీ అక్షరాలు. ఇంకోదాన్ని మా అత్తయ్య వరలక్ష్మీ వ్రతానికని చింతపండు పెట్టి తోమేసింది, లేత గులాబీ రంగులో మెరుస్తోంది, గుర్తు ఏదో తెలియడం లేదు. ఇండోచైనాది 22.9 గ్రాములు.

వెండి_రూపాయి:
ఇండోచైనా నాణెం వెనక తిప్పి చదవండి. కింద బరువు రాసి ఉంటుంది.

యానాం_వాసి:
అవునండీ! 0,900 అనీ, 27 గ్రాములనీ ఉంది. అంటే నాలుగు గ్రాములు తక్కువ?

సైగాన్_జాడలు:
అది నకిలీ అండీ, చెప్పడానికి బాధగానే ఉంది. ఆ నాణెం పేరు పియాస్త్ర్ ద కొమెర్స్, 1885 నుంచి 1928 దాకా వేశారు. మొదట్లో 27.215 గ్రాములు, 1895లో 27కి తగ్గించారు, రెండు సార్లూ బరువుని నాణెం మీదే చెక్కారు. అక్కడి జనం, ముఖ్యంగా చైనా వ్యాపారులు, రాజు ఎవరన్నది చూడరు, వెండి ఎంతన్నది చూస్తారు. అప్పట్లో అక్కడ నడిచే వెండి మెక్సికో డాలరుతో పోటీపడి నిలవాలంటే బరువు చెప్పి తీరాలి. మనకి ఇప్పుడు అదే అక్కరకి వస్తోంది, దొంగనాణెం తన మీద తానే సాక్ష్యం మోస్తోంది. ఎంత అరిగినా నాలుగు గ్రాములు అరగదు, అరిగితే బొమ్మే ఉండదు.

ఈ పియాస్త్ర్‌లకి నకిలీలు విపరీతం, ఇప్పటికీ వియత్నాం బజార్లలో టూరిస్టులకి అమ్ముతారు. పాతకాలంలోనే వేసిన దొంగవీ ఉన్నాయి. మీది ముత్తాతగారి కాలంనుంచీ ఉన్నదా, తర్వాత ఎవరైనా తెచ్చి వేశారా అన్నది ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అంచు మీద గీతలు సమంగా ఉన్నాయా, మధ్యలో అతుకు గీత ఉందా చూడండి. ఇంకో పరీక్ష ఉంది. ముందు వైపు బొమ్మ నిటారుగా పట్టుకుని, అడుగు నుంచి పైకి తిప్పితే వెనక వైపు కూడా నిటారుగానే రావాలి, ఫ్రెంచి నాణేల పద్ధతి అది. పుస్తకం పేజీలా పక్కకి తిప్పితే నిటారుగా వచ్చిందంటే తొంభై పాళ్ళు దొంగదే.

అసలైన పియాస్త్ర్ అయితే నేను 5 ఫ్రాంకులకన్నా దాన్నే ముందు కొనేవాణ్ణి. యానాం, పుదుచ్చేరి, కారైకాల్ వాళ్ళు ఎంతోమంది గుమాస్తాలుగా, సైనికులుగా ఇండోచైనా వెళ్ళారు, ఆ జీతాలు పియాస్త్ర్‌లలోనే వచ్చేవి. మన ఊళ్ళకి నేరుగా తగిలిన నాణెం అది.

సేన్_ఒడ్డున:
1873 మీద 'ఏ' (A) అంటే పారిస్ టంకశాల, మామూలుగా దొరికే సంవత్సరమే, వెండి ధరకి కొంచెం పైన పోతుంది. బొమ్మ మాత్రం అద్భుతం. మధ్యలో హెర్క్యులిస్, ఒక పక్క స్వేచ్ఛ, ఇంకో పక్క సమానత్వం. విప్లవకాలంలో ద్యుప్రే చెక్కిన బొమ్మని తర్వాతి గణతంత్రాలు మళ్ళీ మళ్ళీ వాడుకున్నాయి.

ఇదే రకంలో ప్రపంచమంతా వెతికేది 1871 నాటిది. పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం ఆ కొద్ది వారాలు నగరాన్ని పట్టుకున్నప్పుడు టంకశాల బాధ్యత కామెలినా అనే కంచు పనివాడికి ఇచ్చారు. టంకశాల అధికారి గుర్తుగా మామూలు వాటి మీద తేనెటీగ ఉంటే ఈయన వేసిన వాటి మీద త్రిశూలం ఉంటుంది. అదే బొమ్మ, అదే ఏడాది, అదే 'ఏ' (A) అక్షరం. గింజంత త్రిశూలం ఉంటే ధర ఎన్నో రెట్లు. కమ్యూన్ కూలిపోతున్న రోజుల్లో కూడా జాతీయ రక్షకదళానికి జీతాలివ్వడానికి వెండి వస్తువులు కరిగించి వీటిని వేశారు. ఎప్పుడైనా 1871 చేతికొస్తే తేదీకి అటూ ఇటూ ఉన్న గుర్తులు చూడకుండా ఎవరికీ ఇవ్వకండి.

అలాంటిదే 1914 నాటి 1 ఫ్రాంకు వెండిది. మామూలు 1914 ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. తేదీ దగ్గర సీ అక్షరం ఉంటే మాత్రం అది కాస్తెల్‌సరాసాన్‌లో వేసింది. జర్మన్ సేనలు పారిస్ మీదికి వస్తుంటే టంకశాల పనిని దక్షిణాన ఆ చిన్న ఊరికి తరలించారు, అక్కడ వేసిన ఫ్రాంకులు యాభై వేలు కూడా లేవు. బాగున్నదైతే వందల యూరోలు పలుకుతుంది. ఆ అక్షరాన్ని తర్వాత చెక్కి అతికించిన నకిలీలు కూడా వస్తాయి, అందుకే సర్టిఫై చేసిన డబ్బాలో ఉన్నది తప్ప కొనొద్దంటాను.

గీటురాయి:
టంకం పెట్టారు అంటే సేకరించేవాడికి అది నాణెం కాదు, ఆభరణం. బంగారం ధర వస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకండి. టంకంలో కలిసిన లోహం వల్ల తూకం కూడా అటూ ఇటూ అవుతుంది.

పాత_దస్త్రాలు:
కోడిపుంజు గురించి ఒక మాట. 1907 నుంచి 1914 దాకా తేదీలున్న ఈ 20 ఫ్రాంకుల్ని 1950ల్లో ఫ్రాన్స్ ప్రభుత్వం పాత తేదీలతోనే మళ్ళీ వేసింది, అవి కాస్త ఎర్రగా ఉంటాయి. అమ్మమ్మగారి పెళ్ళి ఫోటోలో ఈ కాసులపేరు ఉంటే, ఆ పెళ్ళి అంతకుముందే అయి ఉంటే, మీది నిస్సందేహంగా మొదటి ముద్రే. ధర మారదు, ఇంట్లో చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. యానాం అనగానే అక్కడ ఫ్రాంకులు తిరిగేవని చాలామంది అనుకుంటారు. బజారులో నడిచింది రూపాయే. మనకి సంబంధించిన అసలు ఫ్రెంచి నాణేలు వేరే ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోవడం లేదని నా బాధ. 1736లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ దగ్గర ఫ్రెంచివాళ్ళు నాణేలు ముద్రించే హక్కు తెచ్చుకున్నారు. పుదుచ్చేరిలో వేసిన ఆ రూపాయల మీద మొగలు చక్రవర్తి పేరు పారశీకంలో ఉంటుంది, నెలవంక గుర్తు ఉంటుంది. ఫ్రెంచి అక్షరం ఒక్కటి కూడా కనిపించదు కాబట్టి అందరూ మామూలు ఆర్కాటు రూపాయే అనుకుని వెండి కింద అమ్మేస్తారు. చిన్న రాగి డుడ్డులైతే ఒక వైపు ఫ్రాన్స్ రాజుల లిల్లీ పువ్వు, ఇంకో వైపు తమిళంలో పుదుచ్చేరి. వేలిగోరంత, అరిగి నల్లగా, చూడ్డానికి ఏమీ ఉండదు. యానాం, తాళ్ళరేవు వైపు ఇళ్ళలో పాత చిల్లర డబ్బాలు ఉన్నవాళ్ళు ఒకసారి ఎండలో పక్కవాటుగా పెట్టి చూడండి, పువ్వు కనిపిస్తే పాత సామాన్ల వాడికి ఇవ్వకుండా ఇక్కడ ఫోటో పెట్టండి.

కోనసీమ_కుర్రోడు:
బావ చేత ఫిర్యాదు చేయించాం అన్నా. రెండు వేలు వస్తాయో రావో గానీ పన్నెండు వేలు ఆగాయి. థ్యాంక్స్.

యానాం_వాసి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. అమ్మమ్మ పెళ్ళి 1938, ఫోటోలో కాసులపేరు స్పష్టంగా ఉంది. ఆమెకి ఈ సంగతి చదివి వినిపిస్తే కాసుని మెడలోంచి తీసేదే లేదంది. పియాస్త్ర్ అడుగు నుంచి పైకి తిప్పితే తలకిందులుగా వస్తోంది, అంచులో అతుకు గీత కూడా ఉంది. ఎప్పుడు ఎలా వచ్చిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

1962, 1963 రెండూ అమ్ముదామనుకుంటున్నాను, 1873ది ఉంచుకుంటాను. పారిస్‌లో ధర బాగా వస్తుందంటే వేసవిలో వచ్చే మా పెదనాన్న కొడుకు చేత కంచువాటిని పంపించొచ్చా?

పాత_దస్త్రాలు:
కంచువి పంపకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఫ్రెంచిదే కదా అని విమానాశ్రయంలో వాదించి లాభం లేదు. ఒకటి రెండు యూరోల కోసం ఆ అబ్బాయిని ఇరకాటంలో పెట్టడం ఎందుకు? 1962 నాటివి ఆ చట్టం కిందికి రావు.

వెండి_రూపాయి:
ఆ రెండూ ఇక్కడే వెండి ధరకి పోతాయి, పంపే ఖర్చుకి గిట్టదు. దాచుకునేవాటికి మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడకండి, మన సముద్రపుగాలికి కొన్నాళ్ళకే పచ్చగా జిగురు పడుతుంది. అట్ట హోల్డర్లు కొనండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి అప్పుడప్పుడూ మార్చండి. అత్తయ్యగారు తోమినదాన్ని మళ్ళీ నల్లగా చేయడానికి మందులు పూయొద్దు, అలాగే వదిలేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ దానంతట అదే రంగు తిరుగుతుంది.

బెజవాడ_రాజు:
మధ్యలో వస్తున్నా, మా దగ్గర కూడా ఆ ముగ్గురు మనుషుల బొమ్మే ఉంది, కానీ 10 ఫ్రాంకులు, 1967. అదీ వెండేనా?

గీటురాయి:
వెండే. 1965 నుంచి 1973 దాకా వచ్చింది, 25 గ్రాములు, తొంభై టచ్. 1974 నుంచి 1980 దాకా 50 ఫ్రాంకులది వచ్చింది, అది 30 గ్రాములు. తూయించి బరువు ఎంతో ఇక్కడ రాయండి, కరిగించడానికి మాత్రం ఇవ్వకండి.